మంచం పట్టినవారిని మా చేతుల్లోంచి తీసుకోవద్దని మనవి

జగ్గయ్యపేట,
తేది: 18-11-2006.

శ్రీయుత జిల్లా కలెక్టరు గారి సముఖమునకు,
మచిలీపట్నం, కృష్ణా జిల్లా.

జగ్గయ్యపేట మునేరు మహిళా గృహ సంరక్షణ సహకార సంఘం అధ్యక్షురాలు బందెల గ్రేసీ, వయస్సు 43 సంవత్సరములు, సమర్పించుకొను అర్జీ.

అయ్యా,

విషయం: మంచం పట్టిన రోగులకు ఇళ్ల వద్ద చేయు సంరక్షణ సేవను మా సంఘం నుండి తొలగించి ప్రైవేటు ఏజెన్సీకి అప్పగించుచు వెలువడిన ఉత్తర్వును నిలుపుదల చేయుట గురించి, ఈ నెల 30వ తేదీలోగా మా కేంద్రం ఖాళీ చేయవలెనన్న నోటీసు రద్దు గురించి, మా పేషెంటు స్తెఫను మరణం గురించి.

సూచిక: సంరక్షణ సేవల విభాగం వారి నోటీసు, తేది 2-11-2006.

నేను తొమ్మిదో తరగతి వరకు చదివాను. ఈ అర్జీలోని ఆఫీసు మాటలు మా పేషెంటు, రిటైర్డు హెడ్ క్లర్కు శ్రీ జగన్నాథరావు గారు చెప్పి రాయించినవి. ఆయనకు కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయి నాలుగేళ్లయింది. నేను ఆయన్ని పక్కకు తిప్పి వీపు తుడుస్తుంటే ఆయన చెబుతారు. చేతులు కడుక్కొని వచ్చి నేను రాస్తాను. అందువల్ల ఈ కాగితానికి నాలుగు రోజులు పట్టింది. ఎక్కడైనా భాష గాడి తప్పితే ఆ తప్పు నాది.

1. జగ్గయ్యపేటలో ప్రభుత్వం వారు నడిపిన ఇరవై రెండు మంచాల సంరక్షణ కేంద్రంలో నేను, ఆరోగ్యమ్మ గారు, మరి ఆరుగురు ఆయాలుగా పనిచేసియుంటిమి. పక్షవాతం వచ్చినవారు, లారీ ప్రమాదాలలో నడుము విరిగినవారు అందులో ఉండేవారు. 1999 మార్చి 31న, గ్రాంటు పొడిగించబడనందున కేంద్రం మూసివేయడమైనదని ఉత్తర్వు వచ్చినది. పేషెంట్లను బంధువులకు అప్పగించి, రిజిస్టరులో సంతకాలు తీసుకొనవలెనని సూపరింటెండెంటు గారు మాకు చెప్పిరి.

సాయంత్రం నాలుగింటికి ఇరవై ఒక్కమంది వెళ్లిపోయారు. కొందరిని రిక్షాలో, ఒకరిని అరటి గెలలు తెచ్చే బండి మీద తీసుకుపోయారు. మిగిలింది స్తెఫను. ముక్త్యాల నుంచి సిమెంటు తోలే లారీ మీద క్లీనరుగా పనిచేసేవాడు. నందిగామ దగ్గర లారీ తిరగబడి నడుము కింద మొత్తం పోయింది. అప్పటికి ఇరవై రెండేళ్లు. వాళ్ల అమ్మ మిర్చి కోతలకు మధిర వైపు వెళ్లింది, ఏ ఊళ్లో ఉందో ఎవరికీ తెలియదు.

స్తెఫను నన్ను అడిగాడు, "అక్కా, నా కోసం ఎవరు సంతకం పెడతారు?"

రిజిస్టరు తీసుకుని నేనే పెట్టాను. పక్కన 'సంబంధం' అని ఒక గడి ఉంది. అందులో 'అక్క' అని రాశాను. ప్రభుత్వ రిజిస్టరులో నేను రాసిన అబద్ధం అదొక్కటే. అతన్ని రిక్షాలో మా ఇంటికి తీసుకెళ్లాను. మా ఇల్లు ఒక గది, ఒక వసారా. వసారాలో పడుకోబెట్టాను.

మర్నాడు పొద్దున్నే ఆరోగ్యమ్మ గారు మా గుమ్మంలోకి వచ్చింది. ఆమె మా అందరికంటే పెద్దది, మాకు ఈ పని నేర్పింది ఆమే.

"లేవే గ్రేసీ, డ్యూటీ టైమయింది" అంది.

"ఏం డ్యూటీ పెద్దమ్మా? ఉద్యోగం పోయిందిగా" అన్నాను.

"మనకి పోయింది. ఇరవై రెండు మందీ లేచి నడుస్తున్నారా ఏంటి? పద."

ఆ నెలంతా మేమిద్దరం ఆ ఇరవై రెండు ఇళ్లూ తిరిగాం. ఇంటివాళ్లు చెడ్డవాళ్లు కారండి. వాళ్లకి తెలియదు, అంతే. పడుకున్న మనిషిని రెండు గంటలకోసారి పక్కకు తిప్పకపోతే వీపు మీద, తుంటి మీద పుండు పడుతుందని తెలియదు. మెతుకులు మింగేటప్పుడు గడ్డం కిందికి వంచకపోతే అన్నం ఊపిరితిత్తుల్లోకి పోతుందని తెలియదు. తెలిసినవాళ్లకి తీరిక లేదు, కూలికి పోవాలి. మేము వెళ్లేసరికే నలుగురికి పుండ్లు పడ్డాయి. ఆ నలుగురిలో ఇద్దరు మే నెల దాటలేదు.

2. పిదప మా పని సంఘంగా ఏర్పడిన విధంబెట్టిదనగా, జగ్గయ్యపేట బజారులో హోల్‌సేలు పప్పుల వ్యాపారం చేయు శ్రీ కనకయ్య గారి తల్లి సీతారావమ్మ గారికి ఆ ఆగస్టులో పక్షవాతం వచ్చి మాట పోయినది. విజయవాడ నుంచి తెచ్చిన నర్సు వారం రోజులకే వెళ్లిపోయినది. ఎవరో మా సంగతి చెప్పగా కనకయ్య గారు స్వయంగా మా ఇంటికి వచ్చారు. వసారాలో స్తెఫనుకి నేను గడ్డం గీస్తున్నాను. ఆయన చెప్పులు విప్పకుండా కాసేపు నిలబడి చూశారు.

"అమ్మాయ్, నువ్వు మా ఇంట్లోనే ఉండిపో. నీకు ఏం కావాలో చెప్పు. కానీ మా అమ్మని చూసే మనిషి ఇంకో ఇంటికి వెళ్లకూడదు" అన్నారు.

"అదెట్లా కుదురుద్దండీ? నాకు ఇంకో పదకొండు ఇళ్లున్నాయి" అన్నాను.

"వాళ్లు ఏం ఇస్తున్నారు నీకు?"

"వాళ్లేం ఇవ్వలేరండి. మీరిస్తే వాళ్లకి కూడా సరిపోద్ది. పొద్దున రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు మీ అమ్మగారికి చేస్తాను. మధ్యలో తిప్పటం మీ ఇంటావిడ గారికి నేర్పుతాను."

ఆయన వెళ్లిపోయారు. రెండు రోజుల తర్వాత సరేనని కబురు పంపారు.

మా సంఘం మొత్తం ఆ మాట మీదే లేచింది. ఇవ్వగల ఇల్లు ఇస్తుంది, ఇవ్వలేని ఇల్లు ఇవ్వదు, ఇద్దరికీ అదే మనిషి, అదే సబ్బు, అంతే సమయం. తర్వాత పెద్ద పెద్దవాళ్లు వచ్చి దీనికి ఏవేవో పేర్లు పెట్టారు. మాకు మాత్రం అది ఆ వసారాలో నేను భయపడుతూ అన్న మాట.

ఒక సంగతి రాయవద్దని జగన్నాథరావు గారు అన్నారు. "అది అర్జీకి అనవసరం అమ్మాయ్" అన్నారు. నాకు అవసరమనిపించి రాస్తున్నాను. సీతారావమ్మ గారింట్లో మొదట నన్ను దొడ్డి తలుపు నుంచి రమ్మన్నారు. మేము ఏ పేట నుంచి వచ్చామో అందరికీ తెలుసు. నేను అటునుంచే వెళ్లాను. ఆవిడ కూడా మొదట నేను ముట్టుకుంటే కళ్లు మూసుకునేది. నాలుగో వారం ఒక రోజు స్నానం అయ్యాక నేను దొడ్డివైపు వెళ్తుంటే ఆవిడ గొంతులోంచి ఏదో శబ్దం చేసింది. వెనక్కి చూస్తే పనిచేసే ఎడమ చెయ్యి ఎత్తి వీధి గుమ్మం చూపిస్తోంది. కోడలు "ఏంటత్తయ్యా, ఏం కావాలి?" అంది. ఆవిడ మళ్లీ చూపించింది. కోడలికి అర్థమై తల వంచుకుంది. ఆ రోజు నుంచి నేను వీధి గుమ్మంలోంచే వెళ్లి వస్తున్నాను. మా తర్వాత చేరిన వాళ్లందరూ ఏ ఇంటికైనా వీధి గుమ్మంలోంచే వెళ్తారు. సంఘం నిబంధనల్లో అది మూడోది.

3. 2001లో మా సంఘం చట్ట ప్రకారం రిజిస్టరు కాబడినది. తొలుత ఎనిమిది మంది. ప్రస్తుతం ముప్పై ఒక్కమంది. జగ్గయ్యపేట, నందిగామ, పెనుగంచిప్రోలు, ముక్త్యాల ప్రాంతములలో ఈ ఆగస్టు నెలాఖరు వరకు ఎనభై ఆరు ఇండ్లకు సేవ చేసియుంటిమి. ముక్త్యాల వైపు లారీల కింద, యంత్రాల్లో దెబ్బతిన్నవారి కుటుంబాలు ఆసుపత్రి నుంచి తిన్నగా మా దగ్గరికే వస్తారు. 2003లో ప్రభుత్వం వారు మూసివేసిన కేంద్రం తాళం మాకే ఇచ్చి, పేదరోగుల సేవకు కొంత సాయం మంజూరు చేసిరి. అందుకు మేము ఎల్లప్పుడు కృతజ్ఞులము.

ఈ ముప్పై ఒక్కమందిలో పదకొండుమంది మొగుడు చనిపోయినవాళ్లు. ఇద్దరు మేము సేవ చేసిన ఇళ్లలోంచే వచ్చారు. తల్లి పోయాక, "ఈ పని నాకొచ్చుగా, నేనూ వస్తా" అని వచ్చారు. కొత్తగా చేరినవాళ్లని ఆరోగ్యమ్మ గారు మొదటి రోజు మంచం మీద పడుకోబెట్టి, రెండు గంటలు కదలవద్దంటుంది. ముక్కు దురద పుట్టినా గోక్కోకూడదు. ఈగ వాలినా తోలకూడదు. గంట దాటేసరికి చాలామంది ఏడుస్తారు. అప్పుడు లేపి, "ఇప్పుడు తెలిసిందా? వాళ్లకి రోజంతా ఇంతే" అంటుంది. మా ట్రైనింగు అదేనండి.

4. నిరుడు జూలైలో హైదరాబాదు నుండి సంరక్షణ సేవల విభాగం పెద్దలు ఆరుగురు మా కేంద్రమును సందర్శించిరి. వీడియో తీసిరి. ప్రభుత్వ సేవ ఒకటి మూతపడిన తరువాత ప్రజల చేతుల్లో నిలదొక్కుకుని, లాభనష్టాలు తానే చూసుకుంటూ సామాజిక సంస్థగా విజయవంతమైన నమూనా ఇదియని ప్రశంసించిరి. మాకు శాలువాలు కప్పిరి.

ఒక దొరగారు ఆరోగ్యమ్మని అడిగారు, "మీ విజయ రహస్యం ఏంటమ్మా?"

"రెండు గంటలకోసారి పక్కకి తిప్పటమేనండి" అంది.

అందరూ నవ్వారు. ఎవరూ రాసుకోలేదు.

నాకు ఆ రోజు ఎంత సంతోషమయిందో చెప్పలేను. శాలువా తెచ్చి స్తెఫను మీద కప్పాను. "అక్కా, ఇంక మనల్ని ఎవరూ మూయలేరు" అన్నాడు. కోతల నుంచి వాళ్లమ్మ తిరిగొచ్చాక అతను నందిగామ దగ్గర పల్లెలో ఆమె దగ్గరే ఉంటున్నాడు, మా మనిషి రోజూ వెళ్లి చేసేది. ఆరేళ్లలో అతని ఒంటి మీద ఒక్క పుండు లేదు.

5. ఈ సంవత్సరం జూన్‌లో వచ్చిన ఉత్తర్వు నకలు జతపరచడమైనది. దాని మొదటి పేరాలో మా సంఘం పేరు ఉన్నది, మా నమూనా ఆదర్శనీయమని ఉన్నది. రెండవ పేరాలో దీనిని జిల్లా అంతటికి విస్తరింపజేయడమైనదని ఉన్నది. ఆరవ పేరాలో అర్హతలున్నవి: సేవకులు పదవ తరగతి ఉత్తీర్ణులై, ముప్పై అయిదేండ్ల లోపువారై ఉండవలెను, సంస్థకు కనీసం అయిదు జిల్లాలలో అనుభవము ఉండవలెను. మా అనుభవం నాలుగు ఊళ్లలో. కనుక మేము టెండరు వేయుటకే అనర్హులము.

నేను విజయవాడలో విభాగం ఆఫీసుకి వెళ్లాను. అక్కడ ఒక అధికారి మర్యాదగానే మాట్లాడారు.

"మీ పద్ధతే పెడుతున్నాం కదమ్మా. మీరు సంతోషించాలి."

"పద్ధతి మాదైతే మనుషులు మేము ఎందుకు కాదండీ?"

"రూల్సు అమ్మా. టెన్త్ పాసయినవాళ్లు మీలో ఎంతమంది?"

"నలుగురండి."

"మరి!"

ఇంటికి వచ్చి నేను, ఇంకో పదకొండుమందిమి ఓపెన్ స్కూలు పదో తరగతికి పుస్తకాలు తెచ్చుకున్నాం. బస్సుల్లో చదివాం. పేషెంట్ల పక్కన కూర్చుని చదివాం. జగన్నాథరావు గారు ఎడమ చేత్తో పలక మీద లెక్కలు చేసి చూపించేవారు. ఆగస్టులో ఫీజు కట్టటానికి వెళ్తే మా మీద జాలిపడి అక్కడి క్లర్కే ఇంగ్లీషులో ఉన్న ఆ ఉత్తర్వు చదివి చెప్పాడు, "అమ్మా, మీరు పాసైనా లాభం లేదు. ముప్పై అయిదు దాటినవాళ్లు పనికిరారు." మేమందరం దాటాం. ఆ సంగతి ఆఫీసులో ఎవరూ మాతో అనలేదు. పరీక్ష కోసం కొన్న దినేష్ గైడు ఇంకా నా సంచిలోనే ఉంది. పారేయబుద్ధి కావటం లేదు.

6. మొదటి విడతగా నందిగామ మండలంలోని ఇరవై మూడు ఇండ్లు 1-9-2006 నుండి టెండరు దక్కిన ప్రైవేటు ఏజెన్సీకి అప్పగింపబడినవి.

అయ్యా, ఈ పేరా రాయటానికే నాలుగు రోజుల్లో రెండు రోజులు పట్టాయి.

ఏజెన్సీ పంపిన అమ్మాయిల మీద నాకు కోపం లేదు. పాపం చిన్నపిల్లలు. ఒక్కొక్కరికి చుట్టుపక్కల మండలాలవి కూడా కలిపి ఇరవై ఇళ్లు ఇచ్చారు. ఒక ఇంట్లో ఇరవై నిమిషాలు. అందులో రిజిస్టరు రాయటానికి ఎనిమిది నిమిషాలు పడుతుంది, నేను చూశాను. వాళ్లకి మంచం మీద రెండు గంటలు పడుకుని చూడమని ఎవరూ చెప్పలేదు.

సెప్టెంబరు 24, ఆదివారం. గుడిలో ప్రార్థన అయ్యాక నేను స్తెఫనుని చూడటానికి వెళ్లాను. పనికి కాదు, ఊరికే. గుమ్మంలో అడుగుపెట్టగానే నాకు తెలిసిపోయింది. ఆ వాసన ముప్పై అడుగుల నుంచే పట్టేస్తాం మేము. స్తెఫను నన్ను చూసి నవ్వాడు.

"ఏం లేదక్కా, కొంచెం ఒరుసుకుంది" అన్నాడు.

పక్కకు తిప్పి చూశాను. తుంటి దగ్గర నా పిడికిలి పట్టేంత గుంట. లోపల తెల్లగా ఎముక.

"నాకెందుకు కబురు పెట్టలేదురా?"

"మీరు వస్తే మీ మీద కేసు పెడతారంట. ఆ అమ్మాయి చెప్పింది. మీ సంఘం పోద్దని..."

వాళ్లమ్మ మూలన కూర్చుని తల కొట్టుకుంటోంది. ఆమె పొద్దున అయిదింటికి పనికి పోయి సాయంత్రం వస్తుంది. రోజూ ఒక మనిషి వస్తోందిగా, చేస్తోందిగా అనుకుంది.

మర్నాడు విజయవాడ ఆసుపత్రికి తీసుకెళ్లాం. డాక్టర్లు చేయగలిగింది చేశారు. విషం రక్తంలోకి పోయిందన్నారు. పదిహేను రోజులు నేను, ఆరోగ్యమ్మ గారు వంతులు వేసుకుని దగ్గరే ఉన్నాం. అక్టోబరు 9న, సోమవారం మధ్యాహ్నం చనిపోయాడు. ఇరవై తొమ్మిదేళ్లు. చివరి మాటలు ఏమీ లేవు. జ్వరంలో ఎవరికో లారీ రివర్సు చేయిస్తున్నట్టు "రానీ, రానీ" అంటూ ఉన్నాడు.

అతని ఇంట్లో ఏజెన్సీ వారి రిజిస్టరు ఉన్నది. దాని ప్రకారం స్తెఫను ఆసుపత్రిలో ఉన్న పదిహేను రోజులూ ఇంటి వద్ద స్నానం చేయించబడినాడు. చనిపోయిన మరునాడు, అనగా 10-10-2006న కూడా స్నానం చేయించి, పక్కకు తిప్పి, పౌడరు రాసినట్లు సంతకం ఉన్నది. 'రోగి పరిస్థితి' అను గడిలో 'నిలకడ' అని ఉన్నది. ఆ రోజు పన్నెండింటికి మేము అతన్ని పూడ్చిపెట్టాం. నకలు జతపరచడమైనది.

7. ఇక జగ్గయ్యపేట, పెనుగంచిప్రోలు, ముక్త్యాల ఇండ్లు డిసెంబరు 1 నుండి ఏజెన్సీకి పోవుచున్నవి. సూచికలోని నోటీసు ప్రకారం మేము కేంద్రం తాళం 30వ తేదీకి అప్పగించవలెను. జాబితాలోని లబ్ధిదారుల ఇండ్లకు అనుమతి లేకుండ వెళ్లరాదు. వెళ్లినచో చట్టరీత్యా చర్య తీసుకొనబడును. ఆ జాబితా ఎవరిదనగా, మేము ఏడేండ్లు ఇల్లిల్లు తిరిగి రాసినదే. నకలు కావాలంటే మేమే ఇచ్చితిమి.

తమరి వద్ద దాచకూడదు కనుక చెబుతున్నాను. నందిగామ వైపు మిగిలిన ఇరవై రెండు ఇళ్లకి మేము వెళ్తూనే ఉన్నాం. స్తెఫనుని పూడ్చిన మర్నాటి నుంచి వెళ్తున్నాం. చేతిలో రెండు అరటిపళ్లు, పూల పొట్లం పట్టుకుని చుట్టాల్లాగా వెళ్తాం. ఏజెన్సీ అమ్మాయి వెళ్లిపోయాక లోపలికి పోయి తలుపు వేసుకుని పేషెంటుకి చేస్తాం. దొంగల్లాగా చేస్తున్నామండి. నా నలభై మూడేళ్లలో మంచిపని చేయటానికి భయపడటం ఇదే మొదలు. మాలో కొందరు మానేద్దామంటున్నారు. వాళ్లని తప్పుపట్టలేను, వాళ్లకి పిల్లలున్నారు. పోయిన వారం ఒకామెను ఆపి ఏజెన్సీ సూపర్‌వైజరు ఫోటో తీశాడు. ఆమె రెండు రోజులు అన్నం తినలేదు.

ఏజెన్సీవారు కనకయ్య గారింటికి కూడా వెళ్లి, ఇకనుంచి మీ తల్లిగారికి మా మనిషి వస్తుందని చెప్పారు. ఆయన కొట్టు దిగి వీధిలోకి వచ్చి అరిచారట, "మా అమ్మని ముట్టుకునేది గ్రేసమ్మే. ఏం చేసుకుంటారో చేసుకోండి!" ఆయన అనగలరు. ఆయనకు కొట్టుంది, వెనక మనుషులున్నారు. పెనుగంచిప్రోలులో గుడిసెలో పడుకున్న ముసలామె అట్లా అనలేదు కదండీ. ఆమెకి ఎవరొస్తే వాళ్లే.

8. కావున ప్రార్థించునది ఏమనగా:

(అ) డిసెంబరు 1 నుండి జరుగు అప్పగింతను నిలుపుదల చేయవలెను.

(ఆ) స్తెఫను మరణంపై విచారణ జరిపించవలెను. ఆ చిన్న ఆయా మీద కాకుండా, ఒక మనిషికి ఇరవై ఇండ్లు ఇచ్చినవారి మీద జరిపించవలెను.

(ఇ) వయస్సు, చదువు నిబంధనలు మా సభ్యులకు సడలించవలెను. పరీక్ష పెట్టదలచినచో మంచం వద్ద పెట్టవలెను.

(ఈ) పైవేవియు సాధ్యం కానిచో, కనీసము నెల రోజులు ఏజెన్సీవారి పిల్లలను మా వెంట పంపవలెను. మేము జీతం లేకుండ నేర్పెదము. నేర్పి వెళ్లిపోయెదము. సంఘం పేరు ఉండనవసరం లేదు. శాలువాలు కూడా తిరిగి ఇచ్చివేయుదుము.

జగన్నాథరావు గారు (ఈ) రాయవద్దన్నారు. "అది రాస్తే మొదటి మూడూ తీసేసి అదొక్కటే ఇస్తారమ్మాయ్, నాకు ఆఫీసులు తెలుసు" అన్నారు. నిజమే కావచ్చు. అయినా రాశాను. సంఘం మాది కాకుండా పోయినా బతకగలం. నాకు మళ్లీ ఇళ్లల్లో అంట్లు తోముకునే పని దొరుకుతుంది. ఇంకా అప్పగించని అరవై మూడిళ్లలో అరవై మూడుమంది కదలలేక ఎవరి అడుగుల చప్పుడో అని గుమ్మం వైపు చూస్తూ ఉంటారు, నేను తట్టుకోలేనిది అది. రాయటం అయ్యాక కాగితం ఆయనకు చదివి వినిపించాను. తర్వాత, "డిసెంబరు ఒకటి శుక్రవారం కదూ?" అని అడిగారు. అవునన్నాను. ఆయన పేరు కూడా ఆ జాబితాలో ఉంది.

ఇందులో ఉన్నదంతా నేను కళ్లారా చూసినది, చేతులారా చేసినది. తమరు ఒక్కసారి మొదటి నుంచి చివరి వరకు చిత్తగించి, 30వ తేదీకి ముందే దయచేయవలెనని వేడుకొనుచున్నాను.

ఇట్లు
తమ విధేయురాలు,
బందెల గ్రేసీ,
అధ్యక్షురాలు.

(ముప్పై మంది సభ్యుల సంతకాలు, వేలిముద్రలు వెనుక పుటలో ఉన్నవి.)

తాజా కలము: 20-11-2006, సోమవారం, బందరు.

అయ్యా, ఈ అర్జీ తమరి చేతికి స్వయంగా ఇద్దామని నేను, ఆరోగ్యమ్మ గారు తొలి బస్సుకి బయలుదేరి గ్రీవెన్సుకి వచ్చాం. మా వంతు ఎనభై నాలుగు. వరండాలో నిలబడి ఉంటే తమరి ఆఫీసు అటెండరు ఒకాయన కాగితం మీద సంఘం పేరు చూసి ఆగారు.

"మంచంలో ఉన్నోళ్లకి చేసేది మీరేనా అమ్మా?" అన్నారు.

ఆయన భార్యకి అయిదు నెలల కింద నరాల జబ్బు వచ్చి రెండు కాళ్లూ పడిపోయాయట. ఇల్లు ఇక్కడికి దగ్గరే. మధ్యాహ్నం అన్నం టైములో పరుగెత్తుకెళ్లి ఆమెను తిప్పి వస్తారట. "సరిగ్గా చేస్తున్నానో లేదో ఒక్కసారి చూసి చెప్పండమ్మా. అరగంట. మీ వంతు రావటానికి చాలా టైముంది" అన్నారు. ఆరోగ్యమ్మ నా వైపు చూసింది. నేను ఆమె వైపు చూశాను. వెళ్లాం.

గుమ్మంలోనే మాకు తెలిసింది. ఇంకా లోతు కాలేదు, పైపైనే ఉంది, దేవుడి దయ. కానీ అరగంటలో అయ్యేది కాదు. నీళ్లు కాచాం, పక్క మార్చాం, స్నానం చేయించాం, పుండు కడిగాం. ఆమెకి ముప్పై ఏళ్లు కూడా ఉండవు. జడ వేస్తుంటే నిద్రపోయింది. మేము తిరిగి వచ్చేసరికి గ్రీవెన్సు అయిపోయింది, తమరు మీటింగుకి వెళ్లిపోయారన్నారు. మా నంబరు మూడుసార్లు పిలిచారట.

అటెండరు గారు ఏడ్చారు. ఆయన్ని ఏమీ అనవద్దు, ఆయన పేరు నేను రాయటం లేదు. ఈ కాగితం తానే తమరి టేబులు మీద పెడతానన్నారు కనుక ఆయనకే ఇస్తున్నాను. ఆయనకి భార్యను ఎడమవైపు తిప్పటం బాగా వచ్చింది. కుడివైపు తిప్పేటప్పుడు ఇంకా చెయ్యి భుజం కింద పెట్టటం రావటం లేదు, ఆమెకి నొప్పి పుడుతోంది. అది నేర్పటానికి గురువారం మళ్లీ బందరు వస్తున్నాం. అక్కడ పని అయ్యాక, వీలయితే, తమరిని కూడా కలుస్తాం.

గ్రేసీ